బూట్లకు ముందు మేజోళ్లు అను పురానాపూల్ సమరము

శ్రోతలారా, చెవులు రిక్కించుడు! చేతిలోని సెల్లు ఫోనును కాసేపు బోర్లించుడు! మూసీ తీరమున, ఎందరు నవాబులనో ఎన్ని వరదలనో చూచి చూచి ఇక దేనికిని ఆశ్చర్యపడని ఆ పాత వంతెన చెంత, కార్తిక మాసపు చలి దుప్పటి ఇంకను తొలగని వేళ, మసీదు మైకు చాలించి గుడి మైకు గొంతు సవరించుకొనుచుండగా, ఇరానీ హోటలులో తొలి చాయ్ గిన్నె పొంగి పొయ్యి మీద పడి చుయ్యి మనగా, తోపుడుబండ్లు గడగడమనుచు అఫ్జల్‌గంజ్ దిక్కునకు దండెత్తుచుండగా, పురానాపూల్‌లోని ఒకానొక గల్లీలో, రేకుల కప్పు గల ఒక పాల కొట్టము వెనుక గదిలో, చరిత్రకారులెవ్వరును పట్టించుకొనని ఒక మహాసంగ్రామమునకు రంగము సిద్ధమగుచుండెను. యుద్ధములు రాజ్యము కొరకు జరుగును, రత్నముల కొరకు జరుగును. ఈ యుద్ధము ఒక జత తెల్ల మేజోళ్ల కొరకు జరిగినది.

ఈ కథకు నాయకుడు ఎల్లేష్. మహీపాలురు చరిత్రలో కోకొల్లలు. మహిషీపాలుడు, అనగా బర్రెలను పాలించువాడు, ఆ గల్లీలో మన ఎల్లేష్ ఒక్కడే. అతడు ఉభయహస్త క్షీరధారా ధురంధరుడు. కుడితితొట్టి ప్రక్షాళన ప్రవీణుడు. తన్నెడి బర్రెను తిరిగి తన్నక, బుజ్జగించియే లొంగదీయు శాంతమూర్తి. తెల్లవారకముందే పాలు పిండి, ఉస్మాన్‌గంజ్ హోటళ్లకు పోసి, తిరిగి వచ్చి, ఇంకను అలసట యెరుగక నిలిచిన వీరుడు. అయినను శ్రోతలారా, అట్టివాడు ఆ ఉదయమున మంచము చెంతకు పోవుటకు జంకుచుండెను. ఏలనగా దుప్పటి క్రింద అతని ప్రత్యర్థి నిద్రించుచున్నది.

ఆ ప్రత్యర్థి పేరు అమల. అతని కన్నబిడ్డ. పంచవర్ష ప్రాయ, ప్రచండ హఠ ప్రతాప, నిద్రాసామ్రాజ్య సర్వాధికారిణి. ఒక కాలు దుప్పటి బయట, రెండవ కాలు తండ్రి దిండు మీద.

మేజోళ్లకింత లొల్లి యేల అందురా? చెప్పెదను. ఎల్లేష్ భార్య నీలమ్మ ఆర్టీసీ బస్సులో కండక్టరై నెల కూడ నిండలేదు. ఆ ఖాకీ చొక్కా కొరకు ఆమె ఎన్ని దరఖాస్తులు పెట్టెనో, ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగెనో! తొలిదినమున టికెట్ మిషను మెడలో వేసికొని అద్దము ముందు నిలిచినప్పుడు ఆమె ముఖమున వెలిగిన వెలుగును ఎల్లేష్ తన పెండ్లిలో కూడ చూడలేదు. చూచి కొంచెము ఈర్ష్యపడినాడు కూడ. కాని ఆమెకు పడినది తొలి బస్సు డ్యూటీ. చీకటి ఉండగనే ఆమె వెళ్లిపోవును. కావున అమలను బడికి తయారుచేయు భారము ఎల్లేష్ నెత్తిన పడెను. పడిన నాటి నుండి బడి ఆటో వచ్చుటయు, హారను కొట్టుటయు, అమల లేకయే పోవుటయు మామూలై పోయెను.

నిన్న సాయంకాలము నీలమ్మ ఖాకీ చొక్కా మడత పెట్టుచు తేల్చి చెప్పినది.

“ఇగో, రేపు గిట్ల ఆటో తప్పిందనుకో, నేను డిపోల సార్‌కు చెప్పేస్త. నాకీ ఉద్యోగం వద్దు. పిల్ల బడి ఖరాబ్ జేసుకొని నేను టికెట్లు కొట్టుడేంది?”

అని ఆమె గోడ దిక్కు తిరిగెను. ఏడ్పు కనబడకూడదని తిరిగినదని ఎల్లేష్‌కు తెలియును. అన్నమాట మీద నిలబడు మనిషి ఆమె. కావున ఈ పూట ఆటో తప్పినచో తప్పునది ఆటో మాత్రమే కాదు.

ఇక ఆయుధముల సంగతి. బడిలో వీణ టీచర్ కరుణించి అతనికి కొన్ని బొమ్మల కార్డులు ప్రసాదించియుండెను. లేచుట, పండ్లు తోముట, స్నానము, బట్టలు, తిండి, జడలు, మేజోళ్లు, బూట్లు, సంచి: ఒక్కొక్క పనికి ఒక్కొక్క బొమ్మ. “ఎల్లేష్ గారూ, అన్నీ మీరే చేసిపెట్టకండి. ఏది ముందు, ఏది తర్వాత అని పాపనే ఆలోచించుకోనివ్వండి. ఒక్కసారి వరస పట్టుకుందంటే ఇంక మీరు అరవాల్సిన పని ఉండదు,” అని ఆమె ఉపదేశించెను. ఆ దివ్యాస్త్రములను ఎల్లేష్ మంచము మీద పరచి, శ్వాస బిగించి, సమర శంఖమును పూరించెను. అనగా అతడిట్లనెను:

“అమ్మూ, లే బిడ్డా.”

“ఇంకా రాత్రే ఉంది బాపూ,” అని దుప్పటి లోపలి నుండి ప్రతిధ్వని వచ్చెను.

“రాత్రి లేదు, ఏం లేదు. ఎండొచ్చింది సూడు.”

“నాకైతే కనబడ్తలేదు.”

కన్నులు మూసికొన్నవారికి ఎండ కనబడదను సత్యమును ఎవరు ఖండింపగలరు? ఎల్లేష్ దుప్పటి లాగెను, ఆమె లాగెను. ఆ లాగులాటలో దుప్పటి అంచు కుట్టు వీడెను. ఎట్టకేలకు అమల లేచి కూర్చుండి, కార్డులను చూచి, కన్నులు విప్పార్చెను. ఎల్లేష్ మనస్సున ఆశ మొలకెత్తెను.

“ఏది ముందుగాల, ఏది అటెన్క? నువ్వే పెట్టు బిడ్డా.”

అమల సేనానియై కార్డులను తిప్పి తిప్పి, మొట్టమొదట బూట్ల బొమ్మను నిలిపెను.

“బూట్లా? ముందుగాల బూట్లేందమ్మా?”

“బాత్రూంల బండలు సల్లగ ఉంటయి గద. బూట్లేసుకుంటే కాళ్లు సల్లగ గావు.”

“మరి మేజోళ్లు?”

“బూట్ల మీద. బూట్లకు మట్టి అంటకుంట.”

“పండ్లు తోముడు ఆఖరికి పెట్టినవేంది?”

“తింటే పండ్లు మళ్ల ఖరాబైతయి గద బాపూ. అన్నీ తిన్నంక ఒక్కపారే తోముకుంట.”

చూచితిరా ఆ తర్క పాటవము! అంతట ఆ బాలిక తన వ్యూహమును అమలుపరచుచు, రాత్రి గౌను మీదనే కుడికాలికి బూటు తొడిగి, దాని మీద తెల్లని మేజోడును లాగి లాగి, మడమ దగ్గర తట్టుకొనగా పండ్లతో పట్టి లాగుచుండెను. ఎల్లేష్ దానిని విడిపించబోయెను. ఆమె కాలు ఝాడించెను. అతడు బతిమాలెను. ఆమె మంచము క్రిందికి దూరెను. అతడు వంగి చేయి చాపగా చేతికి చిక్కినది రెండవ మేజోడు ఒక్కటియే.

అప్పుడా మహిషీపాలుడు నేలపై చతికిలబడి, ఆ మేజోడును కన్నుల ముందుకెత్తి, మనసులోనే ఇట్లు వాపోయెను: “ఓ ధవళ కార్పాస నిర్మిత పాదకవచమా! కొమ్ములు విసరు బర్రెలను లొంగదీసితిని, పోట్లాటకు వచ్చిన దున్నపోతును ముకుతాడు పట్టి నిలిపితిని. ఇంతేసి గుడ్డపీలికవు, నన్ను నేల కూల్చితివి గదా! నీ వలన నా ఇంటి ఇల్లాలి ఖాకీ చొక్కా పెట్టె అడుగునకు పోవునా? ఆమె ముఖమున ఆ వెలుగు ఆరిపోవునా?” ఆ మేజోడు బొటనవ్రేలి దగ్గర ఒక చిల్లి అతనిని చూచి నవ్వుచున్నట్లుండెను.

సరిగ్గా అప్పుడే కొట్టము నుండి ఒక బకెట్టు చప్పుడు వినవచ్చెను.

ఎల్లేష్ తల్లి సుశీలమ్మకు మోకాళ్ల నొప్పులు. పిల్ల వెంట ఉరుకుట ఆమెకు చేతగాదు. పొద్దుటి పూట కొట్టము శుభ్రము చేయుట ఆమె వంతు. ఆ దినము నొప్పి మరింత ఎక్కువై, పని త్వరగా ముగించవలెనని, పెండ ఇంకను ఎత్తకముందే లచ్చి అను బర్రె ముందర దాణా బకెట్టు పెట్టెను. ఆ చప్పుడు విన్నదో లేదో, మంచము క్రింది నుండి అమల బాణము వలె దూసుకొని వచ్చి, ఒంటి బూటుతో, బూటు మీది మేజోడుతో, కొట్టపు గడపలో నడుము మీద చేతులుంచి నిలిచెను.

“నానమ్మా! ఏం జేస్తున్నవ్? ముందుగాల పెండ తియ్యాలె! అటెన్క కడుగాలె! అటెన్క దాణా పెట్టాలె, దూడను ఇడువాలె, గప్పుడు పాలు పిండాలె! గిట్ల ఉల్టా జేస్తే లచ్చికి కోపమొస్తది. సాయంత్రం పాలు చేపది!”

“ఔనే తల్లీ, నీకే మస్తు ఎర్క. నీ మూతికి చొంగ ఇంకా ఆరనే లేదు గని,” అని సుశీలమ్మ గొణుగుచు బకెట్టు వెనుకకు తీసెను. అది నిజమే గదా. వరుస తప్పిన బర్రె పాలు పొదుగులోనే బిగబట్టునని పాలవాండ్ల ఇండ్లలో చంటిబిడ్డకు కూడ తెలియును.

గడప దగ్గర నిలిచిన ఎల్లేష్ ఈ మాటలు వినెను. విని, చేతిలోని మేజోడును చూచెను. మరల కూతురిని చూచెను. ఈ పిల్లకు వరుస తెలియదని ఎవరు చెప్పినది? బర్రె వరుస కంఠస్థము. తన వరుసయే రాదు. అంతట ఆ వీరుని మస్తకమున ఒక ఉపాయము మెరసెను. అతడు కూతురి ముందు గొంతుక్కూర్చుండి రహస్యము చెప్పునట్లు పలికెను.

“అమ్మూ, ఇయ్యాళ ఒక కొత్త బర్రె వచ్చింది. దాన్ని నువ్వే సూసుకోవాలె.”

“యాడుంది?”

“గిదే,” అని ఆమె తల మీద చేయి ఉంచెను.

అమల తన తలను తానే తడిమి చూచుకొనెను. “మంచిదేనా?”

“మస్తు మంచిది. జర మొండిది.”

“ఏం ఫికర్ జెయ్యకు బాపూ. నేను సూసుకుంట,” అని ఆమె అభయమిచ్చి, కొత్త బర్రెను తానే చెవి పట్టుకొని లోపలికి నడిపించుకొని పోయెను.

అటుపై జరిగిన విక్రమమును ఏమని వర్ణింతును! మొదట పెండ తీయవలెను గదా. ఇచ్చట కవికి సిగ్గు వచ్చుచున్నది గనుక, మరుగుదొడ్డి తలుపు మూసికొనెనని, కొంత సేపటికి తెరచుకొనెనని మాత్రము చెప్పి ఊరకుందును. తరువాత కడుగుట. బర్రె నోరు కడుగవలెనని ఆమె పండ్లు తోమెను. బర్రె వీపు చేతికందలేదని తండ్రిని పిలిచెను. బర్రె చెవుల వెనుక మట్టి ఉండునని తానే సబ్బు రుద్దెను. తడి తుడిచిన తోలు మీద యూనిఫారము వచ్చెను. మెడలో గంట వలె బడి గుర్తింపు కార్డు వ్రేలాడెను. నిన్నటి వరకు ఆ కార్డును వేసికొనుమన్నచో ఇల్లు పీకి పందిరి వేసిన పిల్ల, నేడు దానిని కదిపి కదిపి “గంట మోగ్తలేదు బాపూ” అని ఫిర్యాదు చేసెను.

తుదకు మేజోళ్ల దగ్గరికి రాగానే బర్రె నిలిచిపోయెను.

“బర్రెలు మేజోళ్లు ఏసుకోవు.”

ఎల్లేష్ శాంతమూర్తి గదా, తొణకలేదు.

“లచ్చి కాలుకు గాజు పెంక గుచ్చుకుంది సూడు, గప్పుడు ఏం జేసినం?”

“మెత్త గుడ్డ సుట్టినం.”

“అటెన్క?”

“దాని మీద గోనె ముక్క కట్టినం. మట్టి అంటకుంట.”

“గోనె ముక్క ముందుగాల కడ్తిమా?”

“అట్లెట్ల కడ్తం బాపూ! గోనె గరుకుగ ఉంటది. గుచ్చుకుంటది. ముందుగాల మెత్త గుడ్డ!” అని తండ్రి అజ్ఞానమునకు జాలిపడి, అమల తన కుడికాలి బూటు మీది మేజోడును చూచెను. చూచి, దానిని విప్పెను. బూటు విప్పెను. మెత్తని మేజోడు తొడిగెను. దాని మీద గరుకు బూటు తొడిగెను. తరువాత ఎడమకాలు. మేజోడు మడమభాగము కాలి ముందుకు వచ్చిన మాట నిజమే. దానిని కవి చూడలేదు, మీరును చూడకుడు.

ఇక దాణా. పాలవాండ్ల పద్ధతిలో దాణా తినుచుండగనే పాలు పిండవలెను. బర్రె ముందర తొట్టి, వెనుక మనిషి. అమల ఉప్మా గిన్నె ముందు కూర్చుండి, ఒక ముద్ద తిని, వెనుదిరిగి అడిగెను.

“దూడ ఏది? దూడను ఇడువకుంటే నేను పాలు చేప.”

ఎల్లేష్ నలుదిక్కులు చూచి, బడి సంచి తెచ్చి ఆమె ఒడిలో పెట్టెను. “ఇగో దూడ.”

“దీనికి ఆకలైతుంది,” అని ఆమె సంచి నోరు తెరచి, పుస్తకము తినిపించెను, పెన్సిలు డబ్బా తినిపించెను, నీళ్ల సీసా త్రాగించెను. దూడ కడుపు నిండెను. అప్పుడు ఎల్లేష్ ఆమె వెనుక గొంతుక్కూర్చుండి, జుట్టును రెండు పాయలు చేసి, బిడ్డ జడ ఎన్నడును వేసి ఎరుగనివాడయ్యును, మూడు పేటల పలుపు తాళ్లు అల్లి అల్లి కాయలు గాచిన ఆ వ్రేళ్లతోనే అల్లుట మొదలుపెట్టెను. ఒక్కొక్క లాగునకు అమల నోటినిండ ఉప్మాతో “చుయ్, చుయ్” అని పాలధార చప్పుడు చేసెను. దువ్వెన అన్నచో గల్లీ చివర దాక ఏడ్చుచు పరుగెత్తు పిల్ల, నేడు తల వంచి పాలిచ్చినది! జడలు రెండును బర్రెను కట్టివేయదగినంత గట్టిగా వచ్చెను.

అప్పుడే బయట ఆటో హారను మ్రోగెను.

జయము చేజిక్కినది అనుకొందురు మీరు. ఎల్లేష్ కూడ అట్లే అనుకొనెను. వాకిలి తెరచి, “ఉరుకు బిడ్డా!” అనెను. అమల గడప దాటెను. ఒక అడుగు వేసెను. ఆగెను. మెల్లగా మరియొక అడుగు వేసెను. తల నెమ్మదిగా అటు త్రిప్పి, ఇటు త్రిప్పి, దవడలు ఆడించుచు గల్లీ నడుమ నిలిచిపోయెను.

“ఉరుకమ్మా!”

“బర్రెలు ఉరుకవు బాపూ.”

హా దైవమా! ఉపాయము ఫలించినది, మరీ ఎక్కువగా ఫలించినది! గల్లీ చివర ఆటో నడుపు డానియేలు మెడ బయట పెట్టి కేక వేసెను: “ఎల్లేషన్నా! బడి గేటు మూస్తరు, పోతున్న ఇగ!” వెనుక నుండి ఒక బైకు వచ్చి ఆగెను. “అరె భాయ్, బచ్చీకో జరా బాజూ లేవ్!” అని, పిల్లను పక్కకు జరుపుమని, దాని మీది పెద్దమనిషి గద్దించెను. బర్రె తల త్రిప్పి అతనిని తీరికగా చూచెను. పక్కింటి కళావతి నోట్లో బ్రష్షుతోనే వాకిట నిలిచి వినోదము చూచుచుండెను.

ఎత్తుకొని పరుగెత్తరాదా అందురు మీరు. నిన్న ఎత్తుకొన్నాడు నాయనలారా. ఆమె కాళ్లు తన్నగా ఒక బూటు మురికికాలువలో పడెను; అది దొరకునప్పటికి ఆటో లేదు. నేడు మరల తన్నినచో అంత కష్టపడి తొడిగిన మేజోళ్ల గతి ఏమి? ఆటో ఇంజను గుర్రుమనెను. ఎల్లేష్ కన్నుల ముందు ఖాకీ చొక్కా మడతలు కదలాడెను. ఏడ్పు వచ్చెను, దాచుట యెందుకు?

కదలని బర్రెను కదిలించునది ఏది? కొట్టుట కాదు, తిట్టుట కాదు. అతడు తటాలున లోపలికి దూకి, వేయించిన పల్లీలు పోసిన తిండి డబ్బాను తెచ్చి, కూతురి ముందర నిలిచి, దానిని గలగల ఆడించెను. నాలుకతో టకటకమనిపించెను. వెనుకకు నడువ నారంభించెను. ఆరడుగుల మగవాడు, గళ్ల లుంగీలో, నడిగల్లీలో, డబ్బా మ్రోగించుచు వెనుకకు నడచుట గల్లీ జనులు ఎన్నడు చూచియుందురు?

బర్రె చెవులు నిక్కెను. అడుగు కదలెను. రెండవ అడుగు వడివడిగా పడెను. దాణా చప్పుడు వినిన బర్రె ఉరుకకుండునా? గంట వంటి కార్డు ఎగురుచుండగా, జడలు వీపున కొట్టుకొనుచుండగా, దూడ వంటి సంచి వెనుక ఊగుచుండగా, అమల “అంబా!” అని అరచుచు పరుగెత్తెను. ఎల్లేష్ వెనుక చూడక వెనుకకు పరుగెత్తి, ఆటోకు వీపు తగిలించుకొని ఆగెను.

“ఏందన్నా గిది?” అని డానియేలు నివ్వెరపోయెను.

“దాణా చూపిస్తున్న తమ్మీ! నువ్వు ఇంజన్ బంద్ జెయ్యకు!”

అమల ఆటో ఎక్కి, డబ్బా గుంజుకొని, పక్క పిల్లను జరిపి కూర్చుండెను. కూర్చుండి, తండ్రి చెంప మీద చిన్నగా తట్టెను. “బాపూ, రేపు గూడ బర్రెను నేనే తయారు జేస్త. నువ్వు ఊకె నడుమల రాకు.” ఆటో పొగ చిమ్ముచు వంతెన దిక్కునకు మలుపు తిరిగెను. ఎల్లేష్ ఆ పొగలోనే నిలిచి, లుంగీ అంచుతో ముఖము తుడుచుకొనెను. చెమట తుడిచెనో, మరేమి తుడిచెనో, కళావతి మాత్రము చూచి చూడనట్లు లోపలికి పోయెను.

అంతట ఫోను మ్రోగెను. నీలమ్మ. అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఆగియున్నది. డ్రైవరు చాయ్ త్రాగుచున్నాడు. ఆమె గొంతు సన్నగా వినవచ్చెను.

“ఎక్కిందా?”

“ఎక్కింది.”

“నిజంగనా? ఉట్టిగ చెప్తలేవు గద?”

“నీ మీద ఒట్టు. జడలు గూడ ఏసిన.”

“నువ్వా?”

“నేనే. మేజోళ్లు అదే ఏసుకుంది. బూట్ల కింద.”

ఆవల జనము లొల్లి, ఎవరో నాంపల్లి పోతదా అని అడుగుట, చిల్లర గలగల. ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“సార్‌తోని ఏం చెప్పకు,” అనెను ఎల్లేష్.

“చెప్ప,” అనెను నీలమ్మ. తరువాత ఆమె ఫోను కొంచెము దూరము పెట్టినది కాబోలు, ఇంట్లో ఎల్లేష్ ఎన్నడును వినని గొంతుతో, గట్టిగా, దర్జాగా, బస్సు చివరి సీటు దాక వినబడునట్లు ఒక్క కేక వేసెను: “రైట్, రైట్!”

కావున దిక్కులారా, వినుడు! వీథులారా, వినుడు! పురానాపూల్ గల్లీలో ఐదేండ్ల అమల ఈ దినమున బూట్లకు ముందు మేజోళ్లు వేసికొనినది. అందుచేత అఫ్జల్‌గంజ్‌లో ఒక బస్సు తన కండక్టరుతోనే కదలినది. జయము, జయము!